మ్యూయాన్ లెక్క తప్పలేదు

మబ్బులోని వోల్టేజీని కొలిచింది. పిరమిడ్ లోపలి ఖాళీని పట్టిచ్చింది. ప్రోటాన్ సైజు మీద పాఠ్యపుస్తకాలను దిద్దించింది. పుట్టిన రెండు మైక్రోసెకన్లకే నశించే ఈ కణం చుట్టూ పాతికేళ్లుగా నడిచిన పెద్ద పేచీ 2025లో ఓ కొలిక్కి వచ్చింది. కొలిచినవాళ్లది తప్పా? లెక్క వేసినవాళ్లది తప్పా?

2014 డిసెంబరు 1న ఊటీ మీద ఉరుములు మెరుపులతో పెద్ద మబ్బు కమ్మింది. ఆ కొండల్లో అదేమంత వింత కాదు. కానీ అదే సమయంలో అక్కడి కాస్మిక్ కిరణాల ప్రయోగశాలలో ఒక లెక్క కిందికి జారింది. టాటా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఫండమెంటల్ రీసెర్చ్ నడిపే ఆ ప్రయోగం పేరు గ్రేప్స్-3. రెండు మీటర్ల మందం కాంక్రీటు కింద, ఒక్కొక్కటి ఆరు మీటర్ల పొడవున్న 3,712 ఉక్కు గొట్టాలను అక్కడ వరసలుగా పేర్చారు. ఆకాశం నుంచి దిగే మ్యూయాన్లను లెక్కపెట్టడమే వాటి పని. నిమిషానికి దాదాపు 25 లక్షలు వచ్చిపడతాయి. ఆ రోజు 18 నిమిషాల పాటు కొన్ని దిక్కుల నుంచి వచ్చే మ్యూయాన్లు రెండు శాతం దాకా తగ్గిపోయాయి.

ఎందుకు తగ్గాయి? మబ్బులో పైభాగానికీ కిందిభాగానికీ మధ్య విద్యుత్ పీడనం ఉంటుంది. దాన్ని దాటి వచ్చేటప్పుడు కొన్ని మ్యూయాన్లు శక్తిని పోగొట్టుకుంటాయి, కొన్ని పుంజుకుంటాయి. శక్తి తగ్గినవి కాంక్రీటులోనే ఆగిపోతాయి. ధన, రుణావేశ మ్యూయాన్లు సరిసమానంగా వస్తుంటే ఈ లాభనష్టాలు చెల్లుకు చెల్లయిపోయేవి. కానీ ధనావేశంవే కాస్త ఎక్కువ వస్తాయి కాబట్టి తేడా బయటపడింది. దాన్ని పట్టుకుని వెనక్కి లెక్క వేస్తే మబ్బులోని వోల్టేజీ 130 కోట్ల వోల్టులని తేలింది. అంతకుముందు బెలూన్లు పంపి కొలిచిన గరిష్ఠం ఇందులో పదో వంతే. బెలూన్ మబ్బులో ఒక దారిన పోతూ తనకు తగిలినంత మేరే కొలుస్తుంది. మ్యూయాన్లు మబ్బు మొత్తాన్నీ ఒక్కసారే జల్లెడ పట్టాయి. ఉరుము మబ్బుల్లో వంద కోట్ల వోల్టులు ఉండొచ్చని బ్రిటిష్ శాస్త్రవేత్త సి.టి.ఆర్. విల్సన్ 1920లలోనే ఊహించాడు. ఆ ఊహకు రుజువు ఊటీలో దొరికి, 2019లో ఫిజికల్ రివ్యూ లెటర్స్‌లో అచ్చయింది.

మబ్బులోకి పరికరం పంపకుండా మబ్బును కొలిచిన ఈ మ్యూయాన్ కథలో ఒక విశేషం ఉంది. మనం ఖాయమనుకున్న అంకెలను ఇది ఊరికే వదిలిపెట్టదు. ఇటీవలి కాలంలో రెండుసార్లు భౌతికశాస్త్రంతో దీనికి తగాదా వచ్చింది. రెండుసార్లూ దిద్దుకోవాల్సి వచ్చింది మన పుస్తకాలనే.

నెత్తిన రాలుతున్నవి

అంతరిక్షం నుంచి నిరంతరం దూసుకొచ్చే కాస్మిక్ కిరణాల్లో అత్యధిక భాగం ప్రోటాన్లు. అవి వాతావరణం పైపొరల్లో, సుమారు 15 కిలోమీటర్ల ఎత్తున, గాలిలోని అణు కేంద్రకాలను ఢీకొంటాయి. ఆ తాకిడికి పయాన్లనే కణాలు పుడతాయి. పయాన్లు క్షణంలో విచ్ఛిన్నమై మ్యూయాన్లు అవుతాయి. అవే నేలకు చేరతాయి. సముద్రమట్టం దగ్గర చదరపు సెంటీమీటరుకు నిమిషానికి సుమారు ఒకటి. బల్ల మీద ఒక ఎ-ఫోర్ కాగితం పెడితే నిమిషంలో ఆరు వందలకు పైగా మ్యూయాన్లు దాన్ని దాటి కిందికి పోతాయి. ఇంటి పైకప్పు, గోడ, మన ఒళ్లు ఏవీ వాటికి అడ్డు కావు.

మ్యూయాన్ అంటే బరువెక్కిన ఎలక్ట్రాన్. ఆవేశం అంతే, స్పిన్ అంతే. ద్రవ్యరాశి మాత్రం దాదాపు 207 రెట్లు. ఆ బరువే దాని బలం. ఎలక్ట్రాన్ ఏదైనా పదార్థంలోకి దూరితే ఊరికే శక్తిని వెదజల్లి ఆగిపోతుంది. మ్యూయాన్ అంత తేలిగ్గా వెదజల్లదు కాబట్టి లోతుకు పోతుంది. ప్రోటాన్లు, పయాన్లలా కేంద్రకంలోని ప్రబల బలానికి అది లొంగదు. అందుకే శక్తి బాగా ఉన్న మ్యూయాన్లు వందల మీటర్ల రాతిని కూడా దాటిపోతాయి.

ఆయుష్షు మాత్రం తక్కువ. సగటున 2.2 మైక్రోసెకన్లు. ఆ తర్వాత ఒక ఎలక్ట్రాన్‌గా, రెండు న్యూట్రినోలుగా విడిపోతుంది.

ఎవరు రమ్మన్నారు?

1936లో అమెరికాలోని కాల్‌టెక్‌లో కార్ల్ ఆండర్సన్, సేత్ నెడ్డర్‌మేయర్ దీన్ని కనిపెట్టారు. ఆవిరి నింపిన క్లౌడ్ చాంబర్‌లో కాస్మిక్ కిరణాలు గీసే జాడలను ఫొటోలు తీసి చూస్తుంటే, ఎలక్ట్రాన్ కన్నా బరువుగా, ప్రోటాన్ కన్నా తేలికగా ఉన్న కణమొకటి తగిలింది. దానికి ఏడాది ముందే జపాన్‌లో హిదెకి యుకావా కేంద్రకాన్ని కట్టి ఉంచే బలాన్ని మోసే కణం ఒకటి ఉండాలని, అది ఎలక్ట్రాన్‌కు సుమారు 200 రెట్లు బరువుండాలని సిద్ధాంతం చెప్పాడు. బరువు సరిపోయింది. ఇంకేం, యుకావా కణం దొరికిందని అందరూ సంబరపడ్డారు.

ఆ సంబరం మీద నీళ్లు చల్లింది యుద్ధకాలపు రోమ్. కోన్వెర్సీ, పిచ్చోనీ అనే ఇద్దరు కుర్ర శాస్త్రవేత్తలు బాంబుల భయానికి తమ పరికరాలను విశ్వవిద్యాలయం నుంచి వాటికన్ దగ్గర్లోని ఒక పాఠశాలకు తరలించి ప్రయోగాలు సాగించారు. తర్వాత పాన్చీనీతో కలిసి రుణావేశ కణాలను కార్బన్‌లో ఆపి చూశారు. అది యుకావా కణమే అయితే కార్బన్ కేంద్రకం వెంటనే మింగేయాలి. మింగలేదు. చాలా కణాలు తీరిగ్గా తమంతట తామే విచ్ఛిన్నమయ్యాయి. ఈ ఫలితం 1947లో అచ్చయింది. అదే ఏడాది బ్రిస్టల్‌లో సెసిల్ పావెల్ బృందం ఫొటోగ్రాఫిక్ పలకల మీద అసలు యుకావా కణాన్ని, అంటే పయాన్‌ను పట్టుకుంది. 1950లో పావెల్‌కు నోబెల్ వచ్చింది.

ఈ దారిలో కలకత్తా ముందే కొంత దూరం నడిచింది. బోస్ ఇన్‌స్టిట్యూట్‌లో దేవేంద్ర మోహన్ బోస్, బిభా చౌధురి హిమాలయాల్లో ఎత్తైన చోట్ల ఫొటోగ్రాఫిక్ పలకలను నెలల తరబడి ఉంచి, వాటి మీద పడిన జాడలతో ఈ మధ్యరకం కణాల బరువు లెక్కగట్టారు. ఆ పని నేచర్ పత్రికలో వచ్చింది. యుద్ధం వల్ల వాళ్లకు మెరుగైన పలకలు అందలేదు. బ్రిస్టల్‌కు ఆ తర్వాత అందాయి.

సరే, పయాన్ దొరికింది. మరి ఆండర్సన్‌కు దొరికిందేమిటి? ప్రకృతిలో దాని అవసరం ఎవరికీ కనిపించలేదు. దీన్ని ఎవరు ఆర్డర్ చేశారని ఇసిడోర్ రాబీ విసుక్కున్నాడని భౌతికశాస్త్రవేత్తలు ఇప్పటికీ చెప్పుకుంటారు. తర్వాత మ్యూయాన్ కన్నా బరువైన టౌ కూడా దొరికింది. ఒకే రకం కణం మూడు బరువుల్లో ఎందుకుండాలన్న ప్రశ్నకు మాత్రం ఇంతవరకు జవాబు లేదు.

అసలు నేలదాకా ఎలా వస్తోంది?

2.2 మైక్రోసెకన్ల ఆయుష్షున్న కణం కాంతివేగంతో పరుగెత్తినా 660 మీటర్లు పోయేసరికి సగటు జీవితం అయిపోవాలి. పుట్టింది 15 కిలోమీటర్ల ఎత్తున. లెక్క ప్రకారం నేలకు చేరేవి వేళ్ల మీద లెక్కపెట్టేటన్ని ఉండాలి. మరి వానలా ఎలా కురుస్తున్నాయి?

జవాబు అయిన్‌స్టీన్ 1905లోనే చెప్పాడు. కాంతివేగానికి దగ్గరగా పరుగెత్తే వస్తువు గడియారం మనకు మెల్లగా నడిచినట్టు కనిపిస్తుంది. ఇటలీ ఫాసిస్టుల నుంచి తప్పించుకుని అమెరికా చేరిన బ్రూనో రోసీ, డేవిడ్ హాల్‌తో కలిసి దీన్ని కొలిచి చూశాడు. కొలరాడోలో 3,240 మీటర్ల ఎత్తున్న ఎకో లేక్ దగ్గర ఒక లెక్క, 1,616 మీటర్ల ఎత్తున్న డెన్వర్‌లో ఒక లెక్క తీశారు. ఆ రెంటికీ మధ్య ఎన్ని మ్యూయాన్లు రాలిపోతున్నాయో చూస్తే, వేగంగా పోయేవి ఎక్కువకాలం బతుకుతున్నాయని 1941లో తేలింది. 1970లలో జెనీవా దగ్గరి సెర్న్‌లో ఒక వలయంలో తిప్పిన మ్యూయాన్ల ఆయుష్షు 29 రెట్లు పెరిగి 64 మైక్రోసెకన్లయింది. సాపేక్షతా సిద్ధాంతం చెప్పిన అంకెకు అది అచ్చంగా సరిపోయింది.

కుప్పం పక్కనే, భూమి అడుగున

మ్యూయాన్లు రాతిలోకి ఎంత లోతుకు దిగుతాయో చూడాలంటే లోతైన గని కావాలి. అలాంటి గని కుప్పానికి చేరువలో, రాష్ట్ర సరిహద్దుకు అవతల కోలారు బంగారు గనుల్లో ఉండేది. హోమీ భాభా ప్రోద్బలంతో బి.వి. శ్రీకంఠన్ 1951లోనే అక్కడ కొలతలు మొదలుపెట్టారు. లోతుకు దిగే కొద్దీ మ్యూయాన్లు తగ్గుతూ పోయాయి. అన్నిటికన్నా లోతైన చోట పి.వి. రమణమూర్తి, వి.ఎస్. నరసింహం, జపాన్‌కు చెందిన మియాకే రెండు నెలలు కాపు కాసినా పరికరంలో ఒక్క మ్యూయానూ నమోదు కాలేదు.

వేరే ప్రయోగమైతే అది వట్టిపోయినట్టే. ఇక్కడ అదే కలిసొచ్చింది. పైనుంచి మ్యూయాన్లు రాని చోటంటే న్యూట్రినోలను వెతకడానికి అంతకన్నా నిశ్శబ్దమైన తావు దొరకదు. న్యూట్రినోకు భూగోళం కూడా అడ్డు కాదు. ఎప్పుడో కోట్లలో ఒకటి రాతిలోని కేంద్రకాన్ని తాకి ఒక మ్యూయాన్‌ను పుట్టిస్తుంది. ఆ మ్యూయాన్ అడ్డంగా వస్తుంది. అన్ని కిలోమీటర్ల రాయి దాటి అడ్డంగా రావడం ఆకాశపు మ్యూయాన్ వల్ల కాదు. కాబట్టి అలా వచ్చిందంటే పక్కనే ఎక్కడో న్యూట్రినో పుట్టించినదే. 2.3 కిలోమీటర్ల లోతున టాటా ఇన్‌స్టిట్యూట్, ఒసాకా సిటీ, డరమ్ విశ్వవిద్యాలయాల బృందం 1965లో ఇలాంటి జాడలను పట్టుకుంది. వాతావరణంలో పుట్టే న్యూట్రినోలను మనిషి చూడడం అదే మొదలు. ఇంచుమించు అదే సమయంలో దక్షిణాఫ్రికా బంగారు గనిలో ఫ్రెడరిక్ రైన్స్ బృందం కూడా చూసింది.

కోలారు గనులు 2001లో మూతపడ్డాయి. వాటి బదులుగా తమిళనాడులోని తేని జిల్లాలో కొండ కింద తలపెట్టిన న్యూట్రినో పరిశోధనాలయం స్థానిక అభ్యంతరాలు, అనుమతుల చిక్కుల్లో ఆగిపోయింది. అందులో పెట్టాలనుకున్న 50 వేల టన్నుల ఇనుప పరికరం చేయాల్సిన పని కూడా మ్యూయాన్ల జాడలు చదవడమే.

రాతి లోపలికి ఎక్స్-రే

మందమైన రాయి దాటితే మ్యూయాన్లు తగ్గుతాయి. మధ్యలో ఖాళీ ఉంటే అంతగా తగ్గవు. ఏ దిక్కు నుంచి ఎన్ని వస్తున్నాయో లెక్కపెడితే లోపలి ఆకారం తెలుస్తుంది. 1960లలో నోబెల్ గ్రహీత లూయీ ఆల్వారెజ్ ఈజిప్టులోని ఖఫ్రే పిరమిడ్ కింది గదిలో పరికరం పెట్టి, రహస్య గదులున్నాయేమో వెతికాడు. చూసినంత మేర ఏవీ లేవని చెప్పాడు.

పక్కనున్న ఖుఫూ పిరమిడ్‌లో మాత్రం ఉన్నాయి. ఫ్రాన్స్, జపాన్, ఈజిప్టు శాస్త్రవేత్తలు కలిసి చేపట్టిన స్కాన్‌పిరమిడ్స్ ప్రాజెక్టులో మూడు బృందాలు మూడు రకాల పరికరాలతో కొలిచాయి. నగోయా విశ్వవిద్యాలయం వాళ్లు రాణి గదిలో ఫొటోగ్రాఫిక్ ఎమల్షన్ ఫిల్ములు పరిచి నెలల తరబడి వదిలేశారు. జపాన్‌లోని కేఈకే సంస్థ సింటిలేటర్లు తెచ్చింది. ఫ్రెంచి బృందం గ్యాసు డిటెక్టర్లు పెట్టింది. గ్రాండ్ గ్యాలరీకి పైన కనీసం 30 మీటర్ల పొడవున్న ఖాళీ ఉందని ముగ్గురికీ తేలింది. అది 2017 నవంబరులో ప్రకటించారు. ఉత్తర ముఖం వెనక తొమ్మిది మీటర్ల పొడవున్న మరో నడవా ఉందని కూడా మ్యూయాన్లే చెప్పాయి. రాళ్ల సందులోంచి సన్నటి ఎండోస్కోప్ కెమెరా దూర్చి చూస్తే, చెప్పిన చోట చెప్పినట్టే ఉంది. ఆ చిత్రాలు 2023 మార్చిలో లోకమంతా చూసింది. పైనున్న పెద్ద ఖాళీలోకి మాత్రం ఇంతవరకు ఎవరి చూపూ పోలేదు.

మనుషులు అడుగు పెట్టలేని చోట ఇది మరీ పనికొచ్చింది. ఫుకుషిమా అణు ప్రమాదం తర్వాత ఒకటో రియాక్టరులో ఇంధనం ఎక్కడుందో లోపలికి వెళ్లి చూసే దారి లేదు. 2015లో రియాక్టరు భవనం బయట మ్యూయాన్ డిటెక్టర్లు పెట్టి చూశారు. ఇంధనం ఉండాల్సిన చోట దాదాపు ఏమీ మిగల్లేదని, కరిగి కిందికి జారిందని తేలింది. అగ్నిపర్వతాల లోపల శిలాద్రవం ఎంతవరకు వచ్చిందో చూసేందుకు జపాన్, ఇటలీ ఇదే పద్ధతి వాడుతున్నాయి.

కృత్రిమంగా తయారుచేసిన మ్యూయాన్లకు మరో విద్య తెలుసు. రుణావేశ మ్యూయాన్ పరమాణువులో చిక్కితే ఎలక్ట్రాన్ చోటు ఆక్రమించి, కేంద్రకానికి అతి దగ్గరి కక్ష్యలోకి దిగుతుంది. దిగేటప్పుడు వదిలే ఎక్స్ కిరణాలను బట్టి అది ఏ మూలకమో చెప్పొచ్చు. ఒసాకా విశ్వవిద్యాలయంలో 19వ శతాబ్దపు వైద్యుడు ఒగాతా కోఆన్ మందుల పెట్టె ఉంది. అందులో ఒక సీసా మూత ఎంతకీ రాదు. పగలగొట్టడానికి మనసొప్పదు. మ్యూయాన్లు పంపి చూస్తే లోపలున్న తెల్లపొడి పాదరసం, క్లోరిన్ కలిసిన కెలోమెల్ అని తేలింది. సీసా చెక్కుచెదరలేదు.

ప్రోటాన్ నాలుగు శాతం చిక్కింది

మొదటి తగాదా ఈ దగ్గరి కక్ష్యతోనే వచ్చింది. హైడ్రోజన్‌లో ఎలక్ట్రాన్‌కు బదులు మ్యూయాన్‌ను పెడితే అది ప్రోటాన్‌కు దాదాపు 200 రెట్లు దగ్గరగా తిరుగుతుంది. అందుకే ప్రోటాన్ సైజు దాని శక్తి మెట్ల మీద బాగా ప్రభావం చూపుతుంది. స్విట్జర్లాండ్‌లోని పాల్ షెరర్ ఇన్‌స్టిట్యూట్‌లో రాండాల్ఫ్ పోల్ బృందం లేజరుతో ఆ మెట్ల దూరం కొలవబోయింది. అనుకున్న చోట సంకేతం దొరకలేదు. వెతికే పరిధి పెంచాక గానీ కనిపించలేదు. 2010లో ఫలితం ప్రకటించారు. ప్రోటాన్ వ్యాసార్ధం 0.842 ఫెమ్టోమీటర్లు. అప్పటికి ప్రామాణికంగా ఉన్న అంకె 0.877. ఫెమ్టోమీటరంటే మిల్లీమీటరులో లక్ష కోట్లవ వంతు. ఆ సూక్ష్మంలో కూడా నాలుగు శాతం తేడా అంటే చిన్న విషయం కాదు.

మ్యూయాన్‌తో మాత్రమే మాట్లాడే కొత్త బలమేదో ఉందని కొందరు సిద్ధాంతాలు అల్లారు. ఎలక్ట్రాన్లతో కొలిచే ప్రయోగశాలలు తమ పాత పద్ధతులను మళ్లీ తిరగేశాయి. 2019లో కెనడాలోని యార్క్ విశ్వవిద్యాలయం మామూలు హైడ్రోజన్‌తోనే కొత్తగా కొలిచింది. అమెరికాలోని జెఫర్సన్ ల్యాబ్ ఎలక్ట్రాన్లను ప్రోటాన్ల మీదికి వదిలి చూసింది. రెంటికీ చిన్న అంకే వచ్చింది. ప్రామాణిక స్థిరాంకాల పట్టికలో ఇప్పుడున్నది ఆ చిన్న అంకే. కొత్త బలం లేదు. ప్రోటాన్ మొదటి నుంచీ అంతే ఉంది.

పడవెక్కిన అయస్కాంతం

రెండో తగాదా ఇంకా పెద్దది. మ్యూయాన్ ఒక చిట్టి అయస్కాంతం. అయస్కాంత క్షేత్రంలో పెడితే తిరుగుతున్న బొంగరంలా తల ఊపుతుంది. ఆ ఊపు వేగాన్ని నిర్ణయించే సంఖ్యను భౌతికశాస్త్రవేత్తలు జీ అంటారు. ఎలక్ట్రాన్ వంటి కణాల నడతను చెప్పే డిరాక్ సమీకరణం ప్రకారం అది సరిగ్గా 2 ఉండాలి. కానీ శూన్యం నిజంగా శూన్యం కాదు. అందులో కణాలు క్షణంలో పుట్టి మాయమవుతూ ఆ ఊపును రవ్వంత మారుస్తాయి. అందుకే జీ 2 కన్నా కొంచెం ఎక్కువ. ఆ అదనాన్ని కొలిచే ప్రయోగానికే జీ మైనస్ 2 అని పేరు. మనకు తెలిసిన కణాలన్నిటి ప్రభావాన్ని కూడితే ఒక అంకె వస్తుంది. కొలిస్తే ఇంకో అంకె వచ్చిందంటే, మనకు తెలియని కణమేదో అక్కడ ఉన్నట్టు. బరువైన కొత్త కణాల జాడ ఎలక్ట్రాన్ కన్నా మ్యూయాన్‌లో సుమారు 43 వేల రెట్లు స్పష్టంగా కనిపించాలి.

న్యూయార్క్ దగ్గరి బ్రూక్‌హేవెన్ ప్రయోగశాల 1997 నుంచి 2001 దాకా కొలిచింది. సిద్ధాంతంతో తేడా వచ్చింది. అయితే ఖాయంగా చెప్పేంత కాదు. ఇంకా సూక్ష్మంగా కొలవాలంటే మ్యూయాన్లు ఎక్కువ కావాలి. అవి షికాగో దగ్గరి ఫెర్మీల్యాబ్‌లో దొరుకుతాయి. అయస్కాంత వలయమేమో న్యూయార్క్‌లో ఉంది. 14 మీటర్ల అడ్డకొలత ఉన్న అతివాహక తీగచుట్టలవి. విప్పి పార్సెల్ చేసే వీల్లేదు. మూడు మిల్లీమీటర్లకు మించి మెలిక పడితే పాడైపోతాయి. అయినా కొత్తది చేయించడం కన్నా మోసుకుపోవడమే చవకని తేల్చారు.

2013 జూన్‌లో వలయాన్ని పడవ మీదికెక్కించారు. అట్లాంటిక్ తీరం వెంట దిగి, ఫ్లోరిడా చుట్టి, మెక్సికో అఖాతం మీదుగా నదుల్లోకి మళ్లి, ఇల్లినాయ్ దాకా తెచ్చారు. చివరి మజిలీ ప్రత్యేకమైన ట్రక్కు మీద. రాత్రిపూట రోడ్లు మూసి నడిపించారు. సుమారు 5,000 కిలోమీటర్ల ప్రయాణం ముగించుకుని జులై 26న వలయం ఫెర్మీల్యాబ్ గేటు దాటింది.

అక్కడ ధనావేశ మ్యూయాన్లను వలయంలో తిప్పుతారు. సాపేక్షత పుణ్యమా అని వాటి ఆయుష్షు 64 మైక్రోసెకన్లు. ఆ లోపల సగటున నాలుగు వందలకు పైగా చుట్లు తిరుగుతాయి. అలాంటి మ్యూయాన్ విచ్ఛిన్నమైతే వచ్చే ధనావేశ ఎలక్ట్రాన్, అంటే పాజిట్రాన్, దాని అయస్కాంతం చూపే దిక్కుకే ఎక్కువగా మొగ్గుతుంది. వలయం లోపలి అంచున అమర్చిన 24 డిటెక్టర్లలో పాజిట్రాన్ల లెక్క లయగా హెచ్చుతూ తగ్గుతూ ఉంటుంది. ఆ లయే మ్యూయాన్ ఊపు.

ఇక్కడ ఒక జాగ్రత్త తీసుకున్నారు. ముందే జవాబు తెలిస్తే మనసు ఆ వైపే లాగుతుంది కదా. అందుకని ప్రయోగపు గడియారం అసలు వేగాన్ని బృందానికి చెప్పలేదు. బయటివాళ్లు ఇద్దరు దాన్ని కవరులో దాచి ఉంచారు. విశ్లేషణ అంతా పూర్తయ్యాక, 2021 ఫిబ్రవరిలో, జూమ్ సమావేశంలో అందరూ చూస్తుండగా కవరు తెరిచి, అంకె వేసి చూశారు. బ్రూక్‌హేవెన్ అంకెకు సరిపోయింది. ఇరవై ఏళ్ల కిందటి కొలతలో తప్పు లేదు.

పాతికేళ్ల పేచీ ఎలా తీరింది?

2021 ఏప్రిల్ 7న ప్రకటన వెలువడింది. ఆ అదనంలో సగానికి అప్పటికి ప్రామాణికమైన సిద్ధాంతం అంకె 0.00116591810. రెండు ప్రయోగాలూ కలిపి వచ్చింది 0.00116592061. ఎనిమిదో దశాంశ స్థానం దగ్గర తేడా. యాదృచ్ఛికంగా ఇంత తేడా వచ్చే అవకాశం 40 వేలలో ఒకటి. కొత్త బలం దొరికిందంటూ పత్రికలు పతాక శీర్షికలు పెట్టాయి.

అదే రోజు నేచర్‌లో ఇంకో పత్రం వచ్చింది. దాన్ని అప్పుడు పట్టించుకున్నవాళ్లు తక్కువ. సిద్ధాంతం లెక్కలో ఒక భాగం అందరికీ తలనొప్పి. శూన్యంలో క్వార్కులతో (ప్రోటాన్ లోపల ఉండేవీ ఇవే) తయారైన కణాలు పుట్టి మాయమవడం వల్ల కలిగే ప్రభావాన్ని కాగితం మీద గణించలేం. అందుకని ఎలక్ట్రాన్లు, పాజిట్రాన్లు ఢీకొన్న పాత ప్రయోగాల వివరాలను తెచ్చి ఆ ఖాళీని పూరిస్తూ వచ్చారు. బీఎండబ్ల్యూ పేరుతో పనిచేసే ఐరోపా బృందం ఆ వివరాల జోలికి పోకుండా, సూపర్ కంప్యూటర్ల మీద మొదటి నుంచీ గణించింది. వాళ్ల అంకె ప్రయోగానికి దగ్గరగా వచ్చింది.

2023లో రష్యాలోని నోవొసిబిర్స్క్ నుంచి మరో దెబ్బ. ఎలక్ట్రాన్, పాజిట్రాన్ తాకిళ్లను కొత్తగా కొలిచిన సీఎండీ-3 ప్రయోగానికి పాత అంకెల కన్నా ఎక్కువ వచ్చింది. ఆ ఊళ్లోనే అంతకుముందు జరిగిన ప్రయోగంతో కూడా అది పొసగలేదు. అంటే సిద్ధాంతం ఆధారపడిన పునాది రాళ్లలోనే ఒకదానికొకటి పొంతన లేదు. ఈలోగా వేర్వేరు దేశాల బృందాలు సూపర్ కంప్యూటర్ల మీద విడివిడిగా గణించి బీఎండబ్ల్యూ దారికే వచ్చాయి.

2025 మేలో సిద్ధాంతకారుల అంతర్జాతీయ బృందం పాత పద్ధతిని పక్కనపెట్టి కొత్త అంకె ప్రకటించింది. 0.00116592033. జూన్ 3న ఫెర్మీల్యాబ్ తన తుది ఫలితం చెప్పింది. 0.001165920705. వంద కోట్లలో 127 పాళ్ల కచ్చితత్వం. దోషపు హద్దుల్లో చూస్తే రెండూ ఒకటే. కొత్త కణం ఊసు లేదు. ప్రయోగంలో 2001 నాటి అంకె ఇప్పటికీ నిలిచే ఉంది. పక్కకు జరిగింది సిద్ధాంతం అంకే.

దీన్ని చూసి నిట్టూర్చినవాళ్లు చాలామందే. తెలిసిన కణాలనూ బలాలనూ వివరించే ప్రామాణిక నమూనాకు బీట పడుతుందని, అందులోంచి డార్క్ మ్యాటర్ లాంటి రహస్యాలకు దారి కనిపిస్తుందని ఆశపడ్డారు. కానీ లాభమే ఎక్కువ జరిగింది. ఈ పేచీ లేకపోతే తాకిళ్ల ప్రయోగాల్లోని వైరుధ్యాన్ని ఎవరూ తవ్వేవారు కాదు. క్వార్కుల ప్రభావాన్ని కంప్యూటరు మీద ఇంత సూక్ష్మంగా గణించే విద్య కూడా ఇంత త్వరగా చేతికి వచ్చేది కాదు. ప్రోటాన్ సైజు విషయంలోనూ జరిగింది ఇదే. మ్యూయాన్ ఒక అంకె చెప్పి నిలబడింది. దాన్ని అబద్ధమని తేల్చే ప్రయత్నంలో మన కొలబద్దలు నిటారయ్యాయి.

ఇక ముందు

పని అయిపోలేదు. నోవొసిబిర్స్క్ అంకెకూ పాత ప్రయోగాల అంకెలకూ ఎందుకు పొసగడం లేదో ఇప్పటికీ తేలలేదు. సెర్న్‌లో మ్యూయాన్లను ఎలక్ట్రాన్ల మీదికే వదిలి ఆ క్వార్కుల ప్రభావాన్ని మూడో దారిలో కొలవాలని మ్యూఆన్-ఈ అనే ప్రయోగం సిద్ధమవుతోంది. జపాన్‌లోని జే-పార్క్ మ్యూయాన్లను ముందు చల్లబరిచి, తర్వాత వేగం పెంచి, పూర్తిగా వేరే పద్ధతిలో జీ మైనస్ 2ను కొలవబోతోంది. న్యూట్రినోలేవీ లేకుండా మ్యూయాన్ నేరుగా ఎలక్ట్రాన్‌గా మారుతుందేమో ఫెర్మీల్యాబ్‌లో మ్యూ-టు-ఈ ప్రయోగం వెతుకుతుంది. అలాంటి మార్పు ఒక్కటి దొరికినా ప్రామాణిక నమూనా అందుకు సమాధానం చెప్పలేదు.

ఇంతకన్నా సాహసమైన ఆలోచన, మ్యూయాన్లనే ఢీకొట్టించే మ్యూయాన్ కొలైడర్. ఎలక్ట్రాన్లను వలయంలో తిప్పితే మలుపు మలుపుకూ శక్తిని కాంతిగా పారబోస్తాయి. ప్రోటాన్లేమో క్వార్కుల మూటలు కాబట్టి ఢీకొన్నప్పుడు శక్తి ముక్కలుగా పంచుకుపోతుంది. మ్యూయాన్ విడదీయలేని ప్రాథమిక కణం, పారబోత తక్కువ. కానీ పుట్టించి, చల్లార్చి, గుంపుగా చేర్చి, వేగం పెంచి, ఢీకొట్టించడం అంతా అవి నశించేలోపే జరగాలి. చల్లార్చడం సాధ్యమేనని బ్రిటన్‌లో జరిగిన మైస్ ప్రయోగం 2020లో చూపించింది. 2023లో అమెరికా కణ భౌతికశాస్త్ర ప్రణాళికా సంఘం ఈ దిశగా పరిశోధన పెంచాలని సిఫార్సు చేసింది.

మన దగ్గర ఊటీలో మ్యూయాన్ టెలిస్కోపు విస్తరణ సాగుతోంది. సౌర తుపాన్లు భూమి అయస్కాంత కవచాన్ని కదిపినప్పుడు కూడా అక్కడి లెక్క మారుతుంది. 2015 జూన్ 22న అలాంటి రెండు గంటల అలజడిని అది పట్టుకుంది.

జీ మైనస్ 2 దగ్గర మాత్రం బంతి ఇప్పుడు సిద్ధాంతకారుల కోర్టులో ఉంది. వాళ్ల అంకెలోని అనిశ్చితి ప్రయోగంలోని అనిశ్చితికి నాలుగు రెట్లు. అది కూడా ఫెర్మీల్యాబ్ స్థాయికి దిగినప్పుడు రెండు అంకెలనూ మళ్లీ పక్కపక్కన పెట్టి చూస్తారు. అప్పుడు తేడా వస్తే దాన్ని సిద్ధాంతం లెక్క మీదికి నెట్టేయడం ఈసారంత సులువు కాదు.